గూడబాతు: ఒకటి

మా ఇంట్లో కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పుకుంటాం. ట్రాన్స్‌ఫర్ ఏళ్ళకి ముందు, ట్రాన్స్‌ఫర్ ఏళ్ళ తరవాత. మధ్యలో ఉన్న నాలుగేళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. యానాం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నన్ను రెండేళ్ళకని చెప్పి పుదుచ్చేరి పంపారు. పంపాక, పంపిన సంగతి మరిచిపోయారు. నేను బయల్దేరిననాడు మా అమ్మాయికి రెండేళ్ళు. మా ఆయనది యానాంలోనే బడిపంతులు ఉద్యోగం, ఆయన కదలడానికి వీల్లేదు. ఏడాదికి మూడుసార్లు సెలవు పెట్టి, రెండు రైళ్ళూ ఒక బస్సూ మారి ఇంటికి వెళ్ళి, పిల్ల నాకు కాస్త మాలిమి అయ్యే రోజున తిరుగు బస్సెక్కేదాన్ని. మిగతా రోజుల్లో వారానికోసారి కోసపాళయంలో మా వీధి చివరున్న ఎస్‌టీడీ బూత్ నుంచి మాట్లాడేదాన్ని. మీ అమ్మ ఎక్కడుంటుందే అని ఎవరన్నా అడిగితే, ఫోన్లో ఉంటుంది అని చెప్పేదట మా అమ్మాయి. మా ఆయన ఆ ముక్క నాకు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేసి బూత్ వెనక గోడ దగ్గర నిలబడి ఏడ్చాను.

నాలుగో ఏడు చలికాలం చివర్లో యానాం ఆఫీసులో ఒక గుమాస్తా రిటైరవబోతున్నాడని కబురొచ్చింది. ఖాళీ ఒకటి. దాని కోసం కాచుకుని ఉన్నవాళ్ళం ఇద్దరం, నేనూ, నా పక్క సీటులో కూర్చునే మా ఊరి గుమాస్తా. నాకన్నా ఆరేళ్ళు చిన్న. అక్కా అక్కా అంటూ నా టిఫిను డబ్బాలో సగం తినేవాడు. పెళ్ళయి ఏడాది కాలేదు, భార్య యానాంలో ఉంది. అతనికీ ఇంటికి పోవాలని ఉండడం న్యాయమేనని ఇవాళ రాయగలుగుతున్నాను. ఆ రోజుల్లో మాత్రం నా పోస్టు మీద కన్నేసిన దొంగలా కనిపించేవాడు. ఇద్దరం ఆరు నెలలకోసారి యానాం కావాలని అర్జీ పెట్టేవాళ్ళం. ఆఫీసరు గారు వాటిని చదవకుండానే మూల మీద ఒక పొట్టి సంతకం గీకేవారు. అవి మళ్ళీ మా సెక్షనుకే దిగివచ్చేవి.

మాది ఏ శాఖో చెప్పను. చెప్పినా దానికీ పక్షులకీ ఏం సంబంధమో మీకు అంతుపట్టదు. ఎప్పుడో ఒక పాత ఆఫీసరుకి సైకిలు తొక్కే సరదా, పిట్టల్ని చూసే సరదా రెండూ ఉండేవట. ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో, ఊరి అంచుల్లో సైకిలు మీద తిరిగి, కనిపించిన జీవాలన్నిటికీ ఒక లిస్టు రాసుకున్నాడు. ఆయనకి బదిలీ అయినప్పుడు ఆ కాగితం పొరపాటున ఛార్జి అప్పగించే కాగితాల్లో కలిసిపోయింది. కొత్తగా వచ్చినాయన టేబుళ్ళు, కుర్చీలు, బీరువాలు, గోడ గడియారం, ఆ కిందనే ముంగిసలు రెండు, లకుముకి పిట్టలు మూడు, గూడబాతు ఒకటి, అన్నీ సరిచూసి తీసుకున్నానని సంతకం పెట్టాడు. ఆ సంతకంతో అవన్నీ సర్కారు సొత్తయిపోయాయి.

సర్కారు సొత్తన్నాక ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఉంటే టిక్కు పెడతారు, తగ్గితే సంజాయిషీ అడుగుతారు. ఎక్కువైతే ఇంకా ప్రమాదం, ఏ ఆర్డరు మీద వచ్చాయో చూపించాలి. అందుకని ఆ ఊళ్ళో పక్షులు ఎన్నేళ్ళయినా చావలేదు, గుడ్లు పెట్టలేదు, వలస పోలేదు. ఏటా ఫిబ్రవరిలో ఆఫీసరు గారు సైకిలెక్కి వెళ్ళి, ఎక్కడివక్కడ ఉన్నాయని చూసి వచ్చేవారు. దీన్ని పట్టణ ప్రకృతి బాటల సర్వే అనేవాళ్ళం. స్వచ్ఛందంగా ఎవరైనా రావచ్చని సర్క్యులర్ వచ్చేది. రానివాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసుకునేవారు.

నేనున్న నాలుగేళ్ళూ ఉన్న ఆఫీసరు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినాయన. అరవం రాదు, తెలుగు రాదు, రెండూ ఒకటి కావని కూడా తెలియదు. మనిషి చెడ్డవాడు కాదు, మెత్తని మనసే. కాకిని చూసి కూడా కళ్ళు తడి చేసుకోగలడు. గేర్ల సైకిలు, తల మీద హెల్మెట్టు, మెడలో బైనాక్యులర్స్, నిండా జేబులున్న ఖాకీ నిక్కరు. ఆ జేబుల్లో ఏముండేవో నాలుగేళ్ళలో ఎవరికీ తెలియలేదు. అంతకు ముందు ఏడాది సర్వేలో ఆయన బైనాక్యులర్స్ మోసిన ఒక గుమాస్తాకి నెల తిరక్కుండా కోరుకున్న చోటికి బదిలీ అయిందని ఆఫీసులో గట్టిగా చెప్పుకున్నారు. ఇంకేం కావాలి. ఆ ఏడు సర్వేకి మేమిద్దరం యానాంవాళ్ళం మొదటి రోజే పేర్లిచ్చాం. మిగతావాళ్ళకి ఆ ఆదివారమే జ్వరాలు, పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి.

ఆకుపచ్చ బట్టలు గాని మట్టిరంగు బట్టలు గాని వేసుకురమ్మని సర్క్యులర్లో ఉంది. నా దగ్గర ఆకుపచ్చది పెళ్ళినాటి పట్టుచీర ఒక్కటే. పక్కగది టీచరమ్మ దగ్గర చిలకపచ్చ చుడీదారు అడిగి తెచ్చుకున్నాను. అది నాకు మోకాళ్ళ కిందికి దిగనంది. ఉప్పళంలో అద్దె సైకిలు తీసుకున్నాను. రెండు వందల గజాలకోసారి దాని చెయిను ఊడేది. నన్ను అక్కా అనే మా ఊరి గుమాస్తా మాత్రం తళతళలాడే కొత్త సైకిలు మీద వచ్చాడు. అతన్ని అప్పుడు తమ్ముడనే అనేదాన్ని, పళ్ళు కొరుక్కుంటూ. లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టే పని నాది. బైనాక్యులర్స్ ఆఫీసరు గారి మెడలోంచి తీసుకుని తుడిచి ఇచ్చే పని అతనిది. అంటే పందెం మొదలవకముందే నేను వెనకబడ్డాను.

తెల్లవారగానే బీచ్ రోడ్డు మీద పాత లైట్‌హౌసు దగ్గర కలిశాం. ముందు ఆఫీసరు గారు, తరవాత తమ్ముడు, చివర నేను, నా వెనక ఆఫీసు జీపు. ప్రకృతి ఒడిలో రోజంతా సైకిలు యాత్ర కదా, అందుకని జీపులో టిఫిను క్యారియర్లు, నీళ్ళ క్యాను, ఆఫీసరు గారు కూర్చుని పక్షుల్ని చూడ్డానికి చేతుల కుర్చీ. డ్రైవరు మలుపు మలుపుకీ హారను కొట్టేవాడు. హెల్మెట్టు వెళ్ళి, బెల్లు వెళ్ళి, హారను వచ్చేసరికి ఏ జీవి మాత్రం అక్కడ నిలబడుతుంది. నాకు రోజంతా కనిపించిన వన్యప్రాణి తమ్ముడి వీపు ఒక్కటే.

వైట్ టౌన్‌లో మొదటి ఐటం గుడ్లగూబ, ఒకటి. ఒక పాత మేడ పైఅంతస్తు కిటికీ మీద ఉంటుందని లిస్టులో ఉంది. ఆఫీసరు గారు సైకిలు దిగి, ఆ కిటికీకి బైనాక్యులర్స్ గురిపెట్టి చాలాసేపు నిలబడ్డారు. కిటికీలోకి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి పళ్ళు తోముకుంటూ వచ్చి, కింద తన వైపే గురిపెట్టిన మనిషిని చూసి, బ్రష్షు నోట్లోనే ఉంచుకుని కిటికీ మూసేశాడు. ఆఫీసరు గారు నిరాశగా తిరిగేలోపు తమ్ముడు, ఇప్పుడే సన్‌షేడ్ మీంచి ఎగిరిపోయింది సర్ అన్నాడు. నేను టిక్కు పెట్టాను. అబద్ధం ఆడిన పాపం అతనిది, రాసిన పాపం నాది.

తమ్ముడికి ఆ విద్య పుట్టుకతో వచ్చినట్టుంది. అతను చూసిన పక్షులన్నీ ఇప్పుడే ఎగిరిపోయినవే. బొటానికల్ గార్డెన్‌లో ఒక ముంగిస బాట దాటింది. రెండోది దాని వెనకే పొదలోకి వెళ్ళింది సర్ అన్నాడు. జెముడుకాకి అరుపు విన్నానన్నాడు. నేనేం తక్కువ తిన్నానని, పాలపిట్ట రెక్క తళుక్కుమంది సర్ అన్నాను. ఆఫీసరు గారు మురిసిపోయి నా వైపు తిరిగి చూశారు. ఆ చూపుతో నేను సగం యానాం వెళ్ళిపోయాను. పాలపిట్టకి ఎప్పుడో ఒకప్పుడు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

ఉప్పళం దాటి కాలువ గట్టున వెళ్తుంటే నిజంగానే పక్షులున్నాయి. పాలిథీన్ కవర్లు, పగిలిన ప్లాస్టిక్ కుండలు, వాటి మధ్య కొంగలు, నీటికాకులు. పాపం, వాటికి మేం వస్తున్నట్టు సర్క్యులర్ అంది ఉండదు, వాటి తిండి అవి తింటున్నాయి. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు జీపునీ నా చేతిలో అట్టనీ చూసి, మురిక్కాలువ కొలవడానికి వచ్చామనుకున్నారు. బిందెలు దించి చుట్టూ మూగి, వర్షాకాలంలో ఈ నీళ్ళన్నీ ఇళ్ళలోకి వస్తున్నాయని అరవంలో మొరపెట్టుకున్నారు. ఆఫీసరు గారు రెండు చేతులూ జోడించి, ప్రజల్లో పక్షుల మీద ఇంత ప్రేమ ఉందని తాను అనుకోలేదని ఇంగ్లీషులో నాతో అన్నారు. ఏం రాయమంటారని అడిగాను. నీటికాకులు పన్నెండు అని రాయమన్నారు. ఒకావిడ నా లిస్టులోకి తొంగిచూసి, ఆ పన్నెండు మా ఇంటి నంబరేనా అని అడిగింది. ఆవిడకి జవాబు చెప్పకుండా సైకిలెక్కినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తేంగాయ్‌తిట్టు మడ చెట్ల దగ్గర ఇడ్లీలు తిన్నాం. తరవాత మళ్ళీ ఊరంతా అడ్డంగా దాటుకుని, ఎండ నెత్తికెక్కాక పడమటి వైపు ఊస్టేరి చెరువు దారి పట్టాం. చెయిను నాలుగుసార్లు ఊడింది. నా చేతులు గ్రీజుతో, మొహం చెమటతో ఎవరూ గుర్తుపట్టే స్థితిలో లేవు. దారిలో తమ్ముడు వెనక్కి తగ్గి నా పక్కకొచ్చి, సోమవారం తన అర్జీ మళ్ళీ పెడుతున్నానని, ఈసారి ఆఫీసరు గారు చదువుతానని మాటిచ్చారని చెప్పాడు. బైనాక్యులర్స్ తుడిచేటప్పుడు అడిగాడట. నేనేమో పొద్దున్నుంచీ టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాను.

చెరువు గట్టెక్కేసరికి మూడు దాటింది. లిస్టులో మిగిలింది ఒకే ఒక్కటి. గూడబాతు, ఒకటి. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద తెల్లపక్షి. లిస్టులో అన్నిటికన్నా గౌరవమైన ఐటం అదే. నీళ్ళలో ఎండిన తుమ్మమోడు మీద ఉంటుందని చోటు కూడా రాసి ఉంది. చూస్తే నిజంగానే ఉంది. దూరంగా మోడు మీద లావుగా, తెల్లగా, గాలికి కొద్దిగా ఊగుతూ. జీపులోంచి చేతుల కుర్చీ దింపారు. ఆఫీసరు గారు కూర్చుని బైనాక్యులర్స్ పెట్టుకుని, నెమ్మదిగా, రెక్కలు ఆరబెట్టుకుంటోంది అన్నారు. తమ్ముడు, మెడ తిప్పింది సర్ అన్నాడు. ఆఫీసరు గారు లేచి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఇంత నిశితమైన చూపు ఈ శాఖలో తాను చూడలేదన్నారు. వేసిన చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి చూస్తుంటే యానాం పోస్టు నా కళ్ళ ముందే వెళ్ళిపోతున్నట్టనిపించింది.

అప్పుడు కింద నారుమడిలోంచి ఒక ముసలి రైతు గట్టెక్కి వచ్చాడు. పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి ఉన్నాడు. మేమిద్దరం గుసగుసగా తెలుగులో పోట్లాడుకుంటుంటే విని, ఆయన మొహం విప్పారింది. మీరు మన తెలుగోళ్ళేనా అని అడిగాడు. వాళ్ళ తాతల తాతలనాడే ఆంధ్ర నుంచి వచ్చి ఆ చెరువు కింద సేద్యంలో స్థిరపడ్డారట. ఇంట్లో మాట్లాడతారు గాని చదవడం రాదట. తువ్వాలు కొసన కట్టుకున్న ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి నా దోసిట్లో పోశాడు. ఇడ్లీల తరవాత ఇంకేమీ తినలేదేమో, ఆయన పక్కనే గట్టు మీద చతికిలబడి తినడం మొదలుపెట్టాను. ఆఫీసరు గారు ఇదంతా గమనిస్తున్నారు.

రైతు మా ముగ్గురి చూపులూ ఎటున్నాయో చూశాడు.

"ఏంది కూతురా, మా యూరియా సంచిని అట్ట చూస్తా ఉండారు అందరూ?"

నా నోట్లో వేరుశనక్కాయ అక్కడే ఆగిపోయింది. ఆయన ఇంకా వివరంగా చెప్పాడు. కొంగల్ని ఆయన అరవంలోలాగా కొక్కులన్నాడు. "కొక్కులు దిగి నారు తొక్కి పెడతాయని, గడ్డి కూరి నేనే కట్టినా. మూడేండ్లయింది. దాన్ని చూసి భయపడి ఒక్క పిట్ట ఇట్ట రాదు."

అంటే మూడేళ్ళుగా మా శాఖ ఏటా సరిచూసి టిక్కు పెడుతున్న పక్షి, పక్షులు రాకుండా కట్టిన దిష్టిబొమ్మ. ఆయన ఏమంటున్నాడని ఆఫీసరు గారు అడిగారు. తమ్ముడు క్షణం కూడా తడుముకోలేదు. ఈ పక్షి రోజూ ఇక్కడికే వస్తుందట సర్, వీళ్ళకి చాలా ఇష్టమట అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు గారి కళ్ళు తడి అయ్యాయి. రైతు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. పొద్దున్నుంచీ నలభై అబద్ధాలకి టిక్కు పెట్టినదాన్ని, నలభై ఒకటోదానికి నాకేం నొప్పి. సత్యం మీద ప్రేమతో చెప్పానని రాసుకుంటే వినడానికి బాగుంటుంది గాని, నాకు ఆ క్షణంలో ఉన్నది కడుపుమంట. నా పిల్ల నన్ను ఫోన్లో ఉండే మనిషి అనుకుంటోంది, వీడు గడ్డి సంచికి మెడ తిప్పించి ఇంటికి పోతున్నాడు. అంతే, లేచి నిలబడ్డాను.

"అది పక్షి కాదు సర్. యూరియా సంచి. పక్షులు రాకుండా ఈయనే కట్టాడు."

ఆఫీసరు గారు రైతు చెయ్యి వదిలి మళ్ళీ బైనాక్యులర్స్ అందుకున్నారు. రైతుకి ఇంగ్లీషు రాకపోయినా, నా మాట మీద మా వాళ్ళకి నమ్మకం కుదరలేదని మాత్రం అర్థమైంది. నిరూపించాలనుకున్నాడు. మేం వద్దనేలోపే మొలలోతు నీళ్ళలోకి దిగి, మోడు మీంచి సంచి విప్పి, నీళ్ళు కారుతున్నదాన్ని భుజాన వేసుకొచ్చి, ఆఫీసరు గారి గేర్ల సైకిలుకి ఆనించి నిలబెట్టాడు. కావాల్సి ఉంటే తీసుకోమని చెప్పు, ఇంట్లో ఇంకొకటి ఉండాది అన్నాడు నాతో. నేను అది కూడా అనువాదం చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. ఒకసారి నిజం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో అలవాటు లేకపోయింది.

లిస్టులో ఏం రాస్తావని ఆఫీసరు గారు చాలా నెమ్మదిగా అడిగారు. నేను గూడబాతు ఎదురుగా, కనపడలేదు అని రాశాను. ఆ లిస్టు పుట్టాక అందులో ఆ మాట పడడం అదే మొదటిసారి.

తిరుగుదారిలో ఎదురుగాలి. ఆఫీసరు గారు జీపెక్కేశారు, ఆయన గేర్ల సైకిలు వెనకసీటు మీద పడుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం తొక్కుకుంటూ వచ్చాం. ఊళ్ళోకి వచ్చాక తమ్ముడు కోసపాళయం మలుపు దగ్గర కాలు నేలకానించి, "ఎందుకలా చేశావక్కా? నీదీ పోయింది, నాదీ పోయింది" అన్నాడు. నిజమే కదా అని ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం బూత్‌కి వెళ్ళి, ఈసారీ కుదరదని మా ఆయనతో చెప్పాను. పర్లేదులే అన్నాడు. పిల్లని పిలవనా అంటే, వద్దన్నాను.

సోమవారం పదిన్నరకి ఆఫీసరు గారు పిలిచారు. టేబులు మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. నన్ను కూర్చోమనకుండా ఉపన్యాసం మొదలుపెట్టారు. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో, నావాళ్ళ మధ్య, హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నానని, అందుకే క్రమశిక్షణ తప్పిందని అన్నారు. చెరువు దగ్గరున్న మా పెదనాన్నతో కలిసి శాఖని నవ్వులపాలు చేశానన్నారు. మా పెదనాన్న ఎవరా అని ఒక్క క్షణం తెల్లబోయాను. తరవాత వెలిగింది. తెలుగు మాట్లాడేవాళ్ళంతా ఆయన లెక్కలో ఒకే ఇంటివాళ్ళు. తాతల తాతలనాటి నుంచీ అక్కడ సేద్యం చేసుకునే ఆ ముసలాయనా, నాలుగేళ్ళ కిందట ట్రంకుపెట్టెతో దిగిన నేనూ ఒకే కంచంలో తిన్నాం కాబట్టి ఒకే వంశం. నా అర్జీలు ఎనిమిది ఆయన టేబులు మీంచి వెళ్ళాయి. ఎనిమిదింటి మీదా నా సొంతూరు పేరు ఉంది. ఒక్కటి చదివి ఉన్నా ఈ కథ ఉండేది కాదు.

ఇలాంటి మనుషుల్ని తమవాళ్ళకి దూరంగా, కష్టమైన చోటికి పంపితేగాని బాగుపడరని ఆయన అన్నారు. తాను ఒకసారి మే నెలలో అక్కడికి తనిఖీకి వెళ్ళారట, ఆ ఎండ, ఆ ఉక్క, ఆ చేపల పులుసు కారం తన పగవాడికి కూడా వద్దనుకున్నారట. అక్కడొక ఖాళీ ఉందట. కాగితం నా వైపు తిప్పారు.

యానాం.

మొహం ఏం చేసుకోవాలో తెలియలేదు. నవ్వితే చింపేస్తాడు. పెదవి గట్టిగా కొరుక్కుని తల దించుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. అవి నటన కాదు. నాలుగేళ్ళవి. కాని ముందే చెప్పాను కదా, ఆయనది మెత్తని మనసు. ఆడమనిషి ఏడుస్తుంటే చూడలేకపోయారు. గొంతు తగ్గించి, తాను మరీ అంత కఠినుణ్ణి కానన్నారు. ఆదివారం లిస్టు నా ముందుకి జరిపి, తన పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టారు. కనపడలేదు అన్న మాట కొట్టేసి, ఉంది అని రాసి పక్కన చిన్న సంతకం పెడితే ఈ ఆర్డరు ఇప్పుడే చింపేస్తానన్నారు. చింపడానికి కాగితం రెండు చేతులతో పట్టుకుని కూడా ఉన్నారు.

నా పిల్ల ఆయన రెండు వేళ్ళ మధ్య ఉంది. నేను పెన్ను మూత పెట్టి టేబులు మీద ఉంచాను.

"లేదు సర్. అది సంచే."

నా నిజాయితీ తనకి నచ్చిందనీ, అయినా ఆర్డరు ఆర్డరేననీ అన్నారు. కావాలంటే తరవాత ఎప్పుడైనా క్షమాపణ రాసి పంపమన్నారు. నేను కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాను. సెక్షనులో అందరూ పాపం అన్నారు. సర్వీసంతటిలో నేను నిజం మీద అంత గట్టిగా నిలబడింది ఆ ఒక్కసారే, అదీ నిజం నన్ను ఇంటికి పంపుతోంది కనక.

తమ్ముడికి ఆర్డరు చూడగానే అంతా అర్థమైపోయింది. అతను అర్జీ పెట్టేలోపే, నిశితమైన చూపు ఉందని అతన్ని ఇకమీదట ప్రతి ఏటా సర్వేకి బాధ్యుణ్ణి చేస్తూ పొద్దునే మెమో వచ్చింది. అంటే ఎక్కడికీ కదల్చరు. సాయంత్రం అందరూ వెళ్ళాక నా టేబులు దగ్గరికొచ్చి, లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పక్కా, మనిద్దరిదీ యానామే అని చెప్పు, నన్నూ అలాగే శిక్షించమని చెప్పు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళు నవ్వలేదు. నేను చెప్పలేదు. యానాంవాళ్ళకి యానాం శిక్ష కాదన్న సంగతి ఆయన చెవిన పడితే మొదట చిరిగేది నా కాగితం. చూద్దాంలే అన్నాను. ఆఫీసరు గారు మా అర్జీల మీద గీకే పొట్టి సంతకానికీ ఆ మాటకీ పెద్ద తేడా లేదని అప్పుడే తెలుసు.

వెళ్ళే ముందురోజు ఛార్జి అతనికే అప్పగించాను. టేబులు ఒకటి, కుర్చీలు రెండు, బీరువా తాళాలు, తరవాత ఆ లిస్టు. అతను ఒక్కొక్కటీ చదువుతూ వచ్చి గూడబాతు దగ్గర ఆగాడు. తెల్ల ఇంకు సీసా తీసి, నేను రాసిన మాట మీద పూసి, ఆరేదాకా నోటితో ఊది, ఉంది అని రాశాడు. కింద, అన్నీ సరిచూసి తీసుకున్నాను అని సంతకం పెట్టాడు. నా వైపు చూడలేదు. ఇంకో మూడేళ్ళు అతను అక్కడే ఉన్నాడు, ఏటా ఫిబ్రవరిలో ఆ పక్షిని చూశాడు. తిరిగొచ్చాక యానాం వీధుల్లో ఎదురైతే బాగున్నారా అండీ అనేవాడు. అక్కా అని మళ్ళీ పిలవలేదు.

యానాంలో బస్సు దిగేసరికి మా ఆయన పిల్లని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. దానికి ఆరేళ్ళు నిండాయి. నా పెట్టె వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, ఎన్ని రోజులు సెలవు అని అడిగింది. సెలవు కాదమ్మా, వచ్చేశాను అన్నాను. అది వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది. అక్కడా నమ్మకం దొరకలేదో ఏమో, మళ్ళీ నా పెట్టె వైపే చూసింది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వస్తూనే, సంచీ దించకుండా తిన్నగా గదిలోకి వెళ్ళి తలెత్తి అటక మీద నా పెట్టె చూసింది. అక్కణ్ణుంచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. పెట్టె ఉంది, అమ్మ ఉంది అని తనలో తను అనుకుని ఆడుకోవడానికి పోయింది. ఆ మర్నాడూ అంతే. వేసవి సెలవులు వచ్చి, పోయి, బడి మళ్ళీ తెరిచాక కూడా అంతే. రోజూ ఆ వేళకి నేను పొయ్యి దగ్గర పనేమీ లేకపోయినా వంటింట్లో నిలబడి ఉండేదాన్ని, దానికి వెతుక్కునే పని లేకుండా.